రెండు గుటకల పాలు

ఈల లాంటి ఊపిరి. లోపలికి పోయేటప్పుడు సన్నగా... బయటికి వచ్చేటప్పుడు గరగరా...

అది ఎక్కడ ఆగిపోతుందోనని, ఆరేళ్ల కూతురి పక్కన చెవి ఒగ్గుకునే బతుకుతోంది అంబ్రీన్.

ఆ కూతురు ఉమ్మే హబీబా గొంతులో పులిపిర్లు.

కేన్సర్ కాదమ్మా, అన్నాడు డాక్టరు. మూడుసార్లు అన్నాడు. మూడుసార్లు కోశాడు.

కోసిన చోటే మళ్లీ మొలిచాయి — వాన పడ్డ చేలో గరికలాగా.

చెడ్డవి కావట. చెడ్డవి కాకపోతే బిడ్డ గొంతునెందుకు తినేశాయి?

పలమనేరు నుంచి తిరుపతి ఆసుపత్రికి ఇది నాలుగోసారి. పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్.

"రాత్రి పన్నెండు దాటినాక పచ్చినీళ్లు కూడా పోయొద్దు," అని నర్సు స్టెల్లా గట్టిగా చెప్పి పోయింది.

అంబ్రీన్ ఏమీ పెట్టలేదు. బిడ్డ ఏడ్చినా పెట్టలేదు.

కానీ దర్గాలో దువా చదివి ఊది ఇచ్చిన చక్కెర ఉంది, చిటికెడు. మత్తులోకి పోయిన బిడ్డ మళ్లీ కళ్లు తెరవకపోతే?

దువా తిండి కాదు కదా...

తెల్లారి నమాజు కాగానే పాలల్లో కలిపి తాగించింది. రెండు గుటకలు. రెండే.

థియేటర్ తలుపు దగ్గర స్టెల్లా అడిగింది.

"ఏమన్నా తాగించినావామ్మా?"

"లేదు సిస్టర్."

హబీబా పెదాలు కదిలాయి. ఏడాదిగా ఎవరికీ అందని గొంతు. ఇంట్లో ముసలి దాదీకి అందదు. బళ్లో టీచరుకు అందదు.

స్టెల్లా వంగి చెవి పెట్టింది.

"పాలు."

అందింది. ఇవాళే అందింది!

"నీకు తలకాయ ఉండాదా? మత్తులో ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే మేం యాడికి పరిగెత్తాల?"

"దువా పాలు సిస్టర్ అవి..."

"దువా అని నీకు తెలుసు, నాకు తెలుసు. పొట్టకు తెలుసునా?"

ఆపరేషన్ ఆగింది. మళ్లీ గురువారమే. అంతవరకూ వార్డులోనే ఉండమన్నారు. అంతవరకూ గొంతులో ఆ సన్నటి సందు పూడిపోకుండా ఉండాలి...

అంబ్రీన్‌కు కోపం. స్టెల్లా మీద. చక్కెర మీద. కలిపిన తన చేతి మీద. అన్నిటికంటే ముందు — ఛీ — నిజం చెప్పిన ఆ చిన్ని నోటి మీద.

మంచం మీంచి హబీబా ఆమె చెయ్యి లాగింది.

"అమ్మీ... నేను చెప్పకుండా ఉండాల్సిందా?"

గాలి గోడకు రాసుకున్నట్టు మాట. అయినా ప్రతి అక్షరమూ అంబ్రీన్ విన్నది.

"వినపళ్లా," అంది. "మళ్లీ చెప్పు."

బిడ్డ ఊపిరి కూడదీసుకుంటోంది. సన్నగా... గరగరా...