ముందెవరు ఎక్కుతారు

లిఫ్టు బాగుచేశాక మెకానిక్ తానే ముందు ఎక్కుతాడు. పైదాకా వెళ్లి, దిగివచ్చాకే ఇంకొకరిని ఎక్కనిస్తాడు. పదిమందిలో అతని పేరు నిలిచింది ఆ అలవాటువల్లే.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరొచ్చింది. లెక్కల్లో తేడా ఉంది, వచ్చి సంజాయిషీ ఇమ్మని పన్ను ఆఫీసు నోటీసు పంపింది. చెప్పుకోలేకపోతే బ్యాంకు ఖాతా ఆపేస్తారు. తన దగ్గర పనిచేసే ఇద్దరికి జీతాలు ఉండవు.

బావమరిది తనకు పన్ను రిటర్నులు వేసిపెట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. చల్లటి గది, మెత్తటి కుర్చీలు.

"పన్ను కట్టడమేంటండీ, ఎదురు మీకే డబ్బు వాపసొస్తుంది. వచ్చినదాంట్లో నాకు నాలుగో వంతు," అన్నాడాయన. కాగితాలవైపు కన్నెత్తి చూడలేదు.

"రిటర్ను మీద మీ సంతకం ఉంటుందా?"

"నాదెందుకు? మీరే వేసుకున్నట్టు ఉంటుంది."

"మరి ఆఫీసరు పిలిస్తే?"

"మీరెళ్లండి. నా పేరు మాత్రం ఎత్తకండి."

మెకానిక్ లేచాడు. మెట్ల మీద బావమరిది రుసరుసలాడాడు.

"నోటికాడి ముద్ద నేలపాలు చేశావు బావా."

"తను ఎక్కని లిఫ్టులో నన్నెక్కమంటున్నాడురా."

మర్నాడు భార్య చెప్పిన ఆడిటరమ్మ దగ్గరికి వెళ్లాడు. నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటోంది. ఆమె కాగితాలన్నీ చదివి తలెత్తింది.

"రెండు బిల్లులు లెక్కలో లేవు. మర్చిపోయారా, దాచారా?"

"మర్చిపోయానమ్మా."

"అయితే ఆ మాటే చెబుదాం. పన్ను వడ్డీతో కట్టాల్సిందే. ఏం తేలినా నా ఫీజు మారదు. ఇదిగో ఆడిటర్ల సంస్థలో నా మెంబర్‌షిప్ నంబరు. సరిచూసుకుని అప్పుడు రండి."

"ఆఫీసుకి మీరొస్తారా?"

"రాకపోతే నా సంతకం ఎందుకండీ?"

విచారణ రోజు పన్ను ఆఫీసు లిఫ్టు మూలుగుతూ దిగింది. ఆడిటరమ్మ వెనకడుగు వేసింది. మెకానిక్ చెవొగ్గి విన్నాడు.

"తలుపు రోలరు అరిగిందంతే. నా వెనక రండి."

పైన ఆఫీసరు గుమ్మం దగ్గర అతను ఆగిపోయాడు.

"ఇక్కడ నేను ముందు," అంటూ ఆమె తలుపు తోసింది.

"ఈ సవరించిన రిటర్ను ఎవరు తయారుచేశారు?" అన్నాడు ఆఫీసరు.

"నేనే. కింద సంతకముంది. అడగండి."

మెకానిక్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

వడ్డీతో కట్టేస్తే ఖాతా జోలికి రామని చెప్పి ఆఫీసరు ఫైలు మూశాడు. బయట బావమరిది కాచుకుని ఉన్నాడు.

"బావా, ఆవిడ నా లెక్కలు కూడా చూస్తుందంటావా?"

"చూస్తుంది. మర్చిపోయావా, దాచావా అని అడుగుతుంది. ముందు దానికి జవాబు చూసుకో."