తీర్థానికి ముందు

పొంగలి గిన్నె పొయ్యి మీంచి దించుతుండగా వకుళాదేవి నడుములో ఏదో పుటుక్కుమంది. గిన్నెను మాత్రం వదల్లేదు మహాతల్లి. పెరుమాళ్ల నైవేద్యం కదా! దాన్ని గట్టు మీద పెట్టాకే గోడ పట్టుకుని కూలబడింది.

తిరుపతిలో ఎక్స్‌రే చూసిన డాక్టర్ స్టెల్లా తల పట్టుకుంది. గుల్లబారిన వెన్నులో ఇంకో పూస నలిగిపోయింది. ఏడాదిగా వారానికో మాత్ర మింగుతున్నా ఎముకలు కాస్తయినా గట్టిపడలేదు.

"మాత్ర ఎట్ల ఏసుకుంటా ఉండారమ్మా?"

"సోమవారం తప్పకుండా ఏసుకుంటా ఉండా. తీర్థం తీసుకుని, పాలపొంగలి తిన్నాకనే."

"అయ్యో దేవుడా! లేస్తూనే పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో అని చెప్పినా గదమ్మా! పాలు తగిలితే ఆ మందు ఒంటికి పట్టదు. మాత్రే ముందు. అరగంట కూర్చోవల్ల, పడుకోగూడదు. తీర్థమైనా ఆ తర్వాతే. నలిగిన పూసను నేను నిలబెట్టలేను. రేపు తుంటి ఇరిగితే మంచమే గతి."

వకుళాదేవి పక్కనే ఉన్న భర్త శఠగోపం వైపు చూడలేకపోయింది. ఆయన ఆరాధన ముగించి అరచేతిలో తీర్థం పోసేదాకా ఆ ఇంట్లో ఎవరి గొంతులోనూ చుక్క నీరు దిగదు. జ్వరాల్లో కూడా ఆమె ఆ నియమం తప్పలేదు. ఇప్పుడు తప్పితే ఆ చేత్తోనే నైవేద్యం ఎలా వండాలి? తప్పకపోతే, మంచాన పడ్డాక వండేదెవరు? ఆటోలో దారంతా ఏడుస్తూనే ఉంది.

సోమవారం పొద్దున్నే గ్లాసు, మాత్ర పట్టుకుని కూర్చుంది. మాత్రను నోటి దాకా తెచ్చి మళ్లీ దించేసింది.

"నా వల్ల గాదండీ. నడుం పోతే పోనీ."

స్నానం చేసి తడిపంచెతో వచ్చిన శఠగోపం ఆమె చేతిలోని గ్లాసు లాక్కుని గటగటా తాగేశాడు.

"అయ్యయ్యో! ఇంకా ఆరాధన కాలేదే! ఏం పని చేసినారండీ?" వకుళాదేవి నెత్తి కొట్టుకుంది.

ఆయన బిందెలోంచి గ్లాసు మళ్లీ నింపుకొచ్చాడు. జీవితంలో మొదటిసారి నియమం తప్పిన ఆ మనిషి దాన్ని ఆమె చేతిలో పెట్టాడు.

"నేను తాగేసినా. తప్పయితే ముందు నాది. ఇంగ నువ్వు మింగు."

ఆమె ఏడుస్తూనే మింగింది. ఆ అరగంటా ఆయన పూజగది వైపు పోలేదు. ఆమె ఎక్కడ వాలిపోతుందోనని భుజానికి భుజం ఆనించి పక్కనే కూర్చున్నాడు.