ఫికర్‌కుమార్

నాంపల్లి స్టేషన్ ముందు బస్సు దిగిన సురేందర్‌ను చూసి, పాన్‌డబ్బా జనార్దన్ చెయ్యి ఊపాడు.

"ఫికర్ చెయ్యకు సురేందరన్నా. అంత మంచిగనే అయితది."

"ఏంది అయ్యేది?"

జనార్దన్ వినపడనట్టు తమలపాకుకు సున్నం రాయసాగాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, ఆటో నరేశ్ బండి ఆపి మరీ తల బయటపెట్టాడు. "జర ఫికర్ చెయ్యకన్నా!" అని హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

సురేందర్ అక్కడే ఆగిపోయాడు. తనకేదో జరిగింది, అది తనకు తప్ప అందరికీ తెలుసు. భార్య స్వర్ణకు ఫోన్ చేశాడు.

"ఏమన్న అయిందా ఇంట్ల?"

"ఔ, అయింది. నీ నల్ల చెప్పు ఒకటి గీడనే ఉన్నది. నా బాత్రూం చెప్పు ఒకటి కనపడ్తలేదు."

కాళ్లకేసి చూసుకున్నాడు. ఎడమ కాలికి తన నల్ల చెప్పు, కుడి కాలికి గులాబీ రంగుది.

ఆ కాళ్లతోనే ఆబిడ్స్ చేరాడు. అక్కడ మల్లేశ్వరరావుగారి స్టీలు సామాన్ల దుకాణంలో, కొన్నవాళ్ల గిన్నెల మీద చిన్న ఉలితో పేర్లు చెక్కడం సురేందర్ పని. బేగం బజార్‌లో ఆ పనిని కంప్యూటర్ మిషన్ చిటికెలో చేసేయడం అతను కళ్లారా చూశాడు. ఆ తర్వాత ఒకరోజు, యజమాని ఫోన్‌లో అంటున్న మాట చెవిన పడింది: "ఆ మిషన్ వచ్చిందంటే ఇంక ఆ మనిషితో మనకు పనేముంది?"

అప్పటి నుంచి నిద్రలో పళ్లు పటపట నూరుతున్నాడు. మెడ పట్టేస్తోంది, కడుపు మండుతోంది. ఎవరు పలకరించినా కస్సుమంటున్నాడు. గ్యాస్ అనుకుని సోడాల మీద సోడాలు తాగుతున్నాడు. యజమానిని అడగలేదు. అడిగితే ఔనంటాడేమోనని భయం.

పక్కనే చాయ్ బండి నడిపే సాయన్న స్వర్ణకు మేనమామ. చాయ్ తెచ్చి, చావు కబురు తెచ్చినవాడిలా మొహం పెట్టాడు.

"ఫికర్ చెయ్యకు అల్లుడా."

"దేనికి మామా? జర చెప్పరాదు!"

"గదే... ఫికర్ చెయ్యకు," అంటూ జారుకున్నాడు.

ఇంతలో తెనాలి నుంచి కూతురి ఇంటికొచ్చిన సుబ్బరత్నమ్మ టిఫిన్ డబ్బా కొంది. "మా అల్లుడికి బాబూ. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం. పేరు ఫణికుమార్."

సురేందర్ 'ఫ' చెక్కాడు. తర్వాత చెయ్యి తన దారిన తాను పోయింది. పని అయ్యాక మల్లేశ్వరరావు డబ్బా అందుకుని, కళ్లజోడు సర్దుకుని పైకే చదివాడు.

"ఫికర్‌కుమార్. ఏంటయ్యా ఇది?"

సురేందర్ ఉలి కింద పెట్టేశాడు. ఇంక దాచేదేముంది?

"తప్పైంది సార్. తెచ్చుకోన్రి మీ మిషన్. నేను పోత."

"నా మిషన్ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఫోన్‌ల అన్నరు గద. మిషన్ వస్తే గా మనిషితోని పనేమున్నదని!"

మల్లేశ్వరరావు కళ్లజోడు తీసేశాడు. "ఆ మనిషంటే టైలరయ్యా! ఆషాఢంలో ఇచ్చిన జాకెట్లు కార్తీకం వచ్చినా కుట్టడు. అందుకని మా ఆవిడకి కుట్టుమిషన్ కొంటున్నాను. నువ్వు వెళ్లిపోతే ఇక్కడ పేర్లు నేను చెక్కాలా?"

"మిషనంటే... కుట్టు మిషనా?"

"మరింకేం మిషన్?"

సురేందర్ భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి. అవి అంతసేపూ పైనున్నాయని అతనికి అప్పుడే తెలిసింది.

"మరి పొద్దుగాల్నుంచి అందరు ఫికర్ చెయ్యకు అంటున్రేంది?"

బండి దగ్గర సాయన్న పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "నేనే అందరికి ఫోన్ చేసి అనుమన్న! మొన్న చాయ్‌ల పెన్ను పెట్టి తిప్పినవ్. ఏమైందిరా అంటే గ్యాస్ అన్నవ్. మంచిగ అడుగుతే నువ్వు చెప్తవా? సతాయిస్తే కక్కుతవనుకున్న. కక్కినవ్!"

నవ్వాలో, చాయ్ తీసి మామ నెత్తిన పొయ్యాలో సురేందర్‌కు తేలలేదు.

"అది సరేగానీ, ఫికర్ అంటే ఏంటి నాయనా?" అంది సుబ్బరత్నమ్మ.

"బెంగ అమ్మా. వేరే డబ్బా మీద మంచిగ రాసిస్త."

"వద్దొద్దు, ఇదే ఇయ్యి! బ్యాంకు నుంచి వస్తూనే పిల్లల మీద ఎగురుతాడు. ఇది చూసైనా నవ్వుతాడేమో."

సాయంత్రం నాంపల్లిలో జనార్దన్ సోడా సీసా పైకెత్తి చూపించాడు. "కొట్టాల్నా అన్నా, గ్యాస్‌కు?"

సురేందర్ ఆగాడు. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. రోజూ ఉండే మంట కోసం అక్కడా ఇక్కడా నొక్కి వెతికాడు.

"ఏమోనే," అన్నాడు అయోమయంగా. "జర ఆగు, చూస్కొని చెప్త."