చిన్నమామ పెద్దరికం

మా అల్లుడు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అందులో నా తప్పేమీ లేదు. మా అమ్మకి అక్క మొదటి సంతానం, నేను ఆఖరివాణ్ణి. ఈ మధ్యలో అక్కకి పెళ్ళయి, కొడుకు పుట్టి, వాడు నడకా మాటలూ నేర్చుకున్నాక తీరిగ్గా నేను పుట్టాను. పుడుతూనే మేనమామనయ్యాను. వాడు విరగ్గొట్టిన బొమ్మలతో ఆడుకున్నాను, వాడికి పొట్టయిన చొక్కాలు తొడుక్కున్నాను. వాడు నన్ను 'ఒరేయ్ మామా' అంటాడు. అందులో 'ఒరేయ్' గట్టిగా వినిపిస్తుంది, 'మామా' అంతంతమాత్రంగా.

బావది కట్టుడు పళ్ళు చేసే దుకాణం. పళ్ళ డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తే, మేము మైనంలో పళ్ళు అమర్చి, అచ్చు పోసి, నునుపు చేసి పంపుతాం. కిటికీ పక్కన పొడుగాటి బల్ల. ఆ చివర బావ, మధ్యలో అల్లుడు, ఈ చివర నేను. నాకు పని నేర్పింది బావే, జీతమిచ్చేదీ బావే. పని చెడగొడితే ఆయన తిట్టే తిట్లకి బంధుత్వం అడ్డురాదు.

అలాంటి మనిషి ముందు కూర్చొని పెద్దమనిషిలా మాట్లాడమని అక్క నా పీకల మీద కూర్చుంది.

అల్లుడు సెలవు రోజుల్లో ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతాడు. అక్కడివాళ్ళు ఇప్పుడు పూర్తి ఉద్యోగం ఇస్తామన్నారు. మర్నాటికల్లా అవునో కాదో చెప్పాలి. వాడి ప్రాణమంతా అక్కడే ఉంది. బావకేమో తన తర్వాత దుకాణం వాడిదేనని ఆశ. విషయం చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ వాడు కాసేపు నీళ్ళు నమిలి తిరిగొచ్చేశాడు. చివరికి చెప్పకుండానే వెళ్ళిపోతానని అక్కతో అన్నాడు. అలా వెళితే బావ మళ్ళీ వాడి మొహం చూడడని అక్క భయం. నాకూ అదే భయం.

"నువ్వే అడగొచ్చుగా అక్కా" అన్నాను.

"నేనడిగితే తల్లివి కదా, వెనకేసుకొస్తావులే అంటారు. మామవి నువ్వుండగా ఇంకెవరు అడుగుతారు?"

"నేను ఆయన దగ్గర పనివాణ్ణి."

"పనివాడివి మొన్న అయ్యావ్. మామవి పుట్టినప్పుడే అయ్యావ్."

తండ్రీకొడుకుల మధ్య మాట పెగలనప్పుడు మధ్యలో కూర్చోవలసినవాడు మేనమామేనని నాకూ తెలుసు. కానీ తెలిసినవాళ్ళ ఇళ్ళలో మామలకి నెరిసిన మీసాలుంటాయి. వాళ్ళు దగ్గితే ఇల్లంతా సద్దుమణుగుతుంది. నేను దగ్గితే మందు తెచ్చిస్తారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దుకాణానికి వెళ్ళాను. అల్లుడు బయట మెట్లమీద కూర్చొని ఉన్నాడు.

"ఒరేయ్ మామా, గట్టిగా మాట్లాడు" అన్నాడు. గట్టిగా మాట్లాడితే నా ఉద్యోగం కూడా ఊడుతుందన్న ధ్యాస వాడికి లేదు.

బావ పాలిష్ చక్రం దగ్గర ఉన్నాడు. ఆయన స్విచ్ ఆపేదాకా పక్కనే నిలబడ్డాను.

"ఏంట్రా, కింది పళ్ళు అయిపోయాయా?"

"పళ్ళ సంగతి కాదు బావా. అల్లుడి సంగతి."

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూశాడు.

"పనివాడిగా వచ్చావా, మామగా వచ్చావా?"

"మామగా" అన్నాను.

బావ ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించాడు. చేతులు కడుక్కున్నాడు. తన కుర్చీ మీద పడిన పొడి దులిపి నా ముందుకి జరిపాడు. తాను నా స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"కూర్చో. చెప్పు" అన్నాడు.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఈతకొలను, ఉద్యోగం, రేపటి గడువు, అక్క కన్నీళ్ళు అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. ఆఖర్న, "అసలు వాడికి ఈ పని రాదు బావా" అని నోరు జారి నాలుక కరుచుకున్నాను.

"నాకు తెలీదా" అన్నాడు బావ. "వాడు అమర్చిన పళ్ళన్నీ రోజూ పొద్దున్నే వచ్చి నేనే అరగదీసి సరిచేస్తున్నా. వాడికి చెప్పకు."

"మీరు చేయడమేంటి? రోజూ సాయంత్రం వాడు వెళ్ళాక నేను చేస్తున్నాగా."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పోయిన నెల ఒక టీచరమ్మ తన సెట్టు తెచ్చి బల్లమీద పెట్టి, పై పళ్ళకీ కింది పళ్ళకీ మాటల్లేవు, ఒకదాన్నొకటి తాకడమే లేదని చెప్పి వెళ్ళింది. నేను అరగదీసిందే ఆయనా అరగదీశాడన్నమాట. వాడు చేసింది కదా, ఎత్తుగానే ఉంటుందిలే అని చూడకుండానే చక్రానికి పెట్టేశానన్నాడు బావ. చెప్తూనే నవ్వడం మొదలుపెట్టాడు. నాకూ ఆగలేదు. తిట్లన్నీ తిన్నది మాత్రం పాపం అల్లుడు.

నవ్వు ఆగాక ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఒకసారి ఆ కొలను దగ్గరికి వెళ్ళా. అద్దాల బయట నిలబడి చూశా. ఇక్కడ మైనం పట్టుకుంటే వణికే చెయ్యి, అక్కడ ఒక చిన్నపిల్లని నీళ్ళమీద పడుకోబెట్టి కదలకుండా పట్టుకొని ఉంది. ఆ పిల్ల భయపడలేదు, నవ్వుతోంది."

"అయితే వెళ్ళరా అని చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పను? ఇదంతా నీదేరా అని వాడికి ఇన్నేళ్ళూ చెప్పిన నోటితో పొమ్మంటే, పనికిరావు పో అన్నట్టుంటుంది. పోనీ వాడే అడిగితే, నా మొండితనం నాకే తెలుసు, కాదనేస్తా. మామ వచ్చి అడిగితే ఇక కాదనే వీల్లేదు. ఎప్పుడొచ్చి అడుగుతావా అని చూస్తూ కూర్చున్నా. నువ్వేమో ఎప్పుడు నోరు తెరిచినా పళ్ళ గురించే మాట్లాడతావ్."

అమ్మయ్య అనుకున్నాను. అక్క నా నెత్తిన పెట్టిన బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఇంత సులువని తెలిస్తే మధ్యాహ్నం భోజనమైనా హాయిగా చేసేవాణ్ణి కదా అని కాస్త ఒళ్ళు మండింది కూడా.

"మరి ఇన్నాళ్ళూ వాడి పని ఎందుకు సరిచేస్తూ వచ్చారు?"

బావ బల్ల మధ్యలో ఉన్న ఖాళీ చోటు వైపు చూశాడు.

"వాడు పక్కన కూర్చుంటే నాకు బాగుంటుందిరా" అన్నాడు.

ఆయనే తేరుకొని, "వెళ్ళి చెప్పు. నేను ససేమిరా అన్నాననీ, నువ్వే నా మెడలు వంచావనీ చెప్పు" అన్నాడు.

నేను బయటికి రాగానే అల్లుడు లేచి నిలబడ్డాడు.

"ఒప్పుకున్నాడు" అన్నాను.

వాడు మళ్ళీ మెట్టుమీద కూలబడ్డాడు. "గట్టిగా మాట్లాడావా?" అన్నాడు.

"చాలా గట్టిగా."

బావ నేర్పిన అబద్ధం అంతవరకే చెప్పగలిగాను. "ఇన్నాళ్ళూ నువ్వు పక్కన కూర్చుంటే చాలనుకున్నాడట. పళ్ళు ఎలా చేసినా సరేనట" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. మొహం తుడుచుకొని లోపలికి వెళ్ళాడు. వెనకే వెళ్ళబోయి గుమ్మంలో ఆగిపోయాను. వాడు వెళ్ళి తన చోట కూర్చున్నాడు. కాసేపటికి బావ చెయ్యి వాడి వీపు మీదికి వెళ్ళింది.

నేను తలుపు దగ్గరికి లాగి మెట్లు దిగాను. ఇక అక్కడ మామతో పని లేదు.