కుడి చెవి రబ్బరు

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో తెలిస్తే జనం చెప్పేది వినడం మానేసి అయ్యో పాపం మొదలుపెడతారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆసుపత్రిలో వచ్చే ఫోన్లు ఎత్తి సమాధానాలు చెప్పడం నా ఉద్యోగం. పొద్దున్నే పరుగెత్తడం నా పిచ్చి. పరుగు లేని రోజు నేను ఇంట్లో ఎవర్నీ ప్రశాంతంగా ఉండనివ్వనని మా వదిన అంటుంది. నిజమే.

ఏళ్ళ తరబడి అన్నయ్యతోనే పరుగెత్తాను. ఇద్దరి చేతుల మధ్యా జానెడు తాడు. అతను మళ్ళితే నేను మళ్ళుతాను, అతను నెమ్మదిస్తే నేను నెమ్మదిస్తాను. అన్నయ్య టైల్స్ మేస్త్రీ. ఎవరెవరి ఇళ్ళలోనో మోకాళ్ళ మీద పాకుతూ నేలలు పరిచి పరిచి, చివరికి ఆ మోకాళ్ళే అరగదీసుకున్నాడు. ఇక పరుగు మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. మోకాలు అతనిదే అయినా ఆ పూట తిండి మానేసింది మాత్రం నేను.

వేరేవాళ్ళతో వెళ్ళరాదా అంది వదిన. అదీ చూశాం. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి, ఆయాసపడుతూనే కబుర్లు చెప్పి, మలుపు చెప్పడం మర్చిపోయింది. రిటైరైన సైనికుడు ఒకాయన దూడని ఈడ్చుకెళ్ళినట్టు ఈడ్చుకెళ్ళాడు. ఇద్దరికీ మొదటి రోజే నమస్కారం పెట్టేశాను. దీనికి ముక్కు మీదే కోపం అన్నారు గాని, విషయం కోపం కాదు. ముందు ఏముందో తెలియకుండా ఉన్న బలమంతా పెట్టి పరుగెత్తాలంటే, దారి చెప్పేవాడి మాట పూర్తిగా నమ్మాలి. నేను అలా నమ్మే మనిషి ఒక్కడే. ఆ మాట పోతే నా పరుగు పోయినట్టే.

అందుకని అన్నయ్యే ఉపాయం కనిపెట్టాడు. గ్రౌండులో పరుగు బాటను ఆనుకుని, దాని బయటి పక్క, అంటే నా కుడి పక్క, చుట్టూ మట్టిదారి ఉంది. దాని మీద అతను సైకిలు తొక్కుతాడు. నేను బాట మీద పరుగెత్తుతాను. ఫోన్లో మాట్లాడుతూ దారి చెప్తాడు. తొక్కడానికి మోకాలు ఒప్పుకుంటుందని డాక్టరు అన్నాడట. ఇక కావలసిందల్లా, గెంతినా చెమట పట్టినా చెవిలోంచి ఊడిపడని ఇయర్‌ఫోన్లు.

దుకాణంలో కౌంటరు వెనకాయన నన్ను వదిలేసి అన్నయ్యను అడిగాడు. "ఈవిడ చెవి చిన్నదాండీ, పెద్దదా?"

"చెవి నాది. అది పనిచేస్తుంది కూడా," అన్నాను.

ఆయన గుటక మింగడం వినబడింది. ఆ తర్వాత మర్యాదగా పెట్టె విప్పి రబ్బర్లు నా చేతిలో పోశాడు. మూడు సైజులు, మెత్తగా, పుట్టగొడుగు టోపీల్లా ఉన్నాయి. మధ్య సైజు అందరికీ పడుతుందన్నాడు. ఆ అందరిలో నా ఎడమ చెవి ఉంది గాని కుడి చెవి లేదు. ఎడమది బిరడాలా పట్టేసింది. కుడిది తలూపగానే టప్పున రాలింది. పెద్ద సైజు పెడితే కాసేపటికే చెవి సలిపింది.

"పెట్టుకుని ఒకసారి గెంతి చూడండమ్మా. దవడ కూడా ఆడించండి," అన్నాడు ఆయన.

నేను దుకాణం మధ్యలో నిలబడి ఏదో నములుతున్నట్టు దవడ ఆడిస్తూ గెంతాను. అన్నయ్య, "పిట్టా, మెల్లిగా, జనం చూస్తున్నారే," అని గొణిగాడు. అతను నన్ను చిన్నప్పటి నుంచీ పిట్టా అనే పిలుస్తాడు. చూస్తే చూడనీ, నాకేం కనబడుతుందా అన్నాను. చివరికి కుడి చెవికి అన్నిటికంటే చిన్న రబ్బరు కుదిరింది. అది లోపలికంటా వెళ్ళి కూర్చుంది, ఎంత గెంతినా రాలేదు. కాకపోతే చెవి పూర్తిగా మూసుకోలేదు, బయటి చప్పుళ్ళు సందులోంచి దూరుతున్నాయి.

"అలా సందుంటే సౌండు పలచబడిపోతుందమ్మా," అన్నాడు దుకాణం ఆయన.

"మోగేది మా అన్నయ్య గొంతండీ. అది ఎంత పలచబడితే నాకంత సుఖం."

అన్నయ్య నవ్వాడు. అతను అలా గట్టిగా నవ్వి చాలా రోజులైంది.

మొదట్లో అంతా సాఫీగా సాగింది. సందున్న చెవిలోంచి సైకిలు వినబడేది. దాని గొలుసు మీది రేకు వంగి ఉంది, తొక్కినప్పుడల్లా కరకరమనేది. "నూనె వెయ్యరాదూ," అని రోజూ సాధించేదాన్ని. అతను "అలాగే" అనేవాడు, వేసేవాడు కాడు.

కొన్ని వారాల తర్వాత ఒకరోజు అన్నయ్య తనే వెళ్ళి కొత్తవి కొనుక్కొచ్చాడు. అవి రబ్బరువి కావు, స్పాంజివి. "ఇవి పెట్టుకో. వేళ్ళతో నలిపి దూర్చావంటే లోపల ఉబ్బి పట్టేసుకుంటాయి."

"ఉన్నవి ఊడిపోవడం లేదుగా?"

"గాలి ఎక్కువైతే నా మాట వినబడదు. మాట వినవేమే!"

పెట్టుకున్నాను. లోకం తలుపులు మూసేసినట్టైంది. నా అడుగులు నా బుర్రలోనే రోకటిపోటుల్లా దభీదభీమన్నాయి. నా ఊపిరి నాకే బుసలా వినబడింది. వాటి మధ్యలో అన్నయ్య గొంతు మాత్రం స్పష్టంగా ఉంది, కాని అది ఏ పక్క నుంచీ రావడం లేదు. అది నా తలలోనే పుట్టినట్టుంది. నాకు బొత్తిగా నచ్చలేదు. అయినా అంత ఆశగా కొనుక్కొచ్చాడు కదా అని ఊరుకున్నాను. నేను ఊరుకోవడం చాలా అరుదు. ఊరుకున్నప్పుడల్లా నాకు ఏదో ఒకటి తగులుతుంది.

అప్పటి నుంచే తప్పులు మొదలయ్యాయి. తాడు పట్టుకున్న రోజుల్లో అన్నయ్య ఒక్కసారి కూడా కుడి, ఎడమ తడబడలేదు. ఇప్పుడు ఆఖరి మలుపు తిరిగి రాగానే, "కొంచెం కుడికి" అనేవాడు. నేను కుడికి జరిగితే కాలు మట్టిదారిలో పడేది. "అయ్యో, ఎడమ, ఎడమ!" అని కేకలు పెట్టేవాడు. ఎప్పుడు తప్పినా సరిగ్గా అక్కడే. ఇంకెక్కడా కాదు.

"నీకేమైనా మతిమరుపా?" అన్నాను.

"వయసు పిట్టా, వయసు."

నేను నా తప్పేమో అనుకున్నాను. ఈ స్పాంజి వల్ల మాట బుర్రకెక్కడం ఆలస్యమవుతోందేమో అనుకున్నాను. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు నన్ను వెనక ఎక్కించుకుని గ్రౌండుకి తొక్కేవాడు, ఇప్పుడు సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. అదేంటంటే, "నడిస్తే నీ ఒళ్ళు వేడెక్కుతుంది," అన్నాడు. నేను నమ్మాను. చెప్పాను కదా, అతని మాట నమ్మడం నాకు అలవాటు.

వదిన శుభ్రం పిచ్చి మనిషి. ఓ ఆదివారం ఆ స్పాంజివి చెమట కంపు కొడుతున్నాయని సబ్బు పెట్టి ఉతికి, పిండి, బట్టలతోపాటు క్లిప్పు పెట్టి ఆరేసింది. కుడిది ఎండాక పెంకులా గట్టిపడి నలగడం మానేసింది. "దేన్ని ఉతకాలో దేన్ని ఉతకకూడదో తెలీదా వదినా?" అంటే, "నీ చెవి శుభ్రంగా ఉంటే దానికి ఈ గతి పట్టేది కాదు," అంది. మర్నాడు ఎడమ చెవికి స్పాంజి పెట్టుకుని, కుడి చెవికి దుకాణంలో కుదిరిన ఆ చిన్న రబ్బరే పెట్టుకుని పరుగుకు వెళ్ళాను. ఈ మార్పు అన్నయ్యకు చెప్పాలని నాకు తోచలేదు.

మొదటి చుట్టు సగంలోనే ఏదో తేడాగా అనిపించింది. కుడి చెవిలోకి గాలి వస్తోంది. దూరంగా ఎవరో చీపురుతో ఊడుస్తున్నారు. నా అడుగులు తలలోంచి దిగి మళ్ళీ నేల మీదికి వచ్చాయి. అన్నీ వినబడుతున్నాయి, కరకర తప్ప.

చివరికి నూనె వేశాడన్నమాట అనుకున్నాను. కాని ఎంత నూనె వేసినా మట్టిలో చక్రం చప్పుడు పోదు కదా.

"అన్నయ్యా, ఎక్కడున్నావు?"

"పక్కనే ఉన్నా. తిన్నగా రా, బాగా వస్తున్నావు."

నేను ఆగిపోయాను.

"ఏమైంది పిట్టా? ఎందుకాగావు?"

"ఒకసారి బెల్లు కొట్టు."

బెల్లు మోగలేదు. చీపురు కూడా ఆగింది.

"బెల్లు... పాడైందే."

"నిన్న సాయంత్రం ఇంటి ముందు కొట్టావు."

నేను ఒక పెద్ద మైదానం మధ్యలో నిలబడి ఉన్నాను. చేయి చాపితే తగిలే మనిషి ఎవరూ లేరు. ఇవాళే కాదు, చాలా రోజులుగా లేరు. అక్కడే కూలబడ్డాను.

అతను రావడానికి చాలాసేపు పట్టింది. ఒక కాలు మామూలుగా, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చే ఆ నడక నాకు దూరం నుంచే తెలిసింది. వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"స్పాంజివి తెచ్చినప్పటి నుంచి."

"అంటే నా పక్కన సైకిలు లేదని నాకు తెలియకూడదనే అవి తెచ్చావు. నా మంచికేమో అనుకున్నా. నా చెవిలో పువ్వు పెట్టావు."

"తొక్కడం కూడా ఆపెయ్యమన్నాడే డాక్టరు. నొప్పికి రెండు రోజులు నిద్రపోలేదు. మీ వదిన ఇక చాలన్నది. అక్కడ గ్యాలరీ మెట్ల మీద కూర్చుంటే గ్రౌండు మొత్తం కనబడుతుంది పిట్టా. పక్కనుంటే కనబడేదానికంటే ఎక్కువే కనబడుతుంది. ఎవరైనా అడ్డమొస్తే ముందే తెలుస్తుంది. ఆ ఆఖరి మలుపు ఒక్కటే... నువ్వు నాకెదురుగా వస్తావు కదా, నీ ఎడమ నా కుడి అయిపోతుంది. ఎంత గుర్తుపెట్టుకున్నా తప్పుతున్నా."

"ఇందాక అడిగాను. అప్పుడు కూడా పక్కనే ఉన్నానన్నావు."

"చెప్తే పరుగెత్తేదానివా?"

అడిగింది న్యాయమే. పరుగెత్తేదాన్ని కాదు. ఇంట్లో కూర్చుని అందరి ప్రాణాలూ తోడేసేదాన్ని.

"కాదు. అయినా చెప్పాల్సింది. వెళ్ళాలో మానాలో నేను చూసుకునేదాన్ని," అన్నాను. "నాకు కళ్ళు లేకపోయినా ఫర్వాలేదు అన్నయ్యా. నీ మాట లేకపోతే నా దగ్గర ఇంకేం లేదు."

అతను ఏడ్చాడు. మగవాళ్ళు ఏడుస్తూ దగ్గుతున్నట్టు నటిస్తారు, అలాగే దగ్గాడు. నాకు జాలి వేయలేదు, కోపమే ఉంది. కాని ఆ కోపం అడుగున ఇంకోటి కదిలింది, అది భయమో సంతోషమో తేల్చుకోలేకపోయాను. ఇన్ని రోజులూ ఇంత పెద్ద మైదానంలో నేను ఒక్కదాన్నే పరుగెత్తాను. ఎవరూ తాకకుండా, పడకుండా పరుగెత్తాను. తెలియకుండా చేసిన పని తెలిసి చేయగలనా?

"ఇవాళ్టికి చాల్లే, ఇంటికి పోదాం," అన్నాడు.

"నువ్వెళ్ళి మెట్ల మీద కూర్చో."

"పిట్టా..."

"కూర్చోమన్నానా! ఇంకో మాట. కుడీ ఎడమా అనడం మానెయ్. లోపలికి, బయటికి అను. నువ్వు ఎటు తిరిగి కూర్చున్నా అవి మారవు."

"ఇది మొదటే తోచలేదే మనకి," అన్నాడు.

"మొదటే చెప్పి ఉంటే మొదటే తోచేది."

అతను మెల్లిగా లేచాడు. మోకాలు టకటకమంది. కాలు ఈడ్చుకుంటూ వెళ్ళడం సందున్న చెవితో వింటూ కూర్చున్నాను. అది వినబడనంత దూరం పోయాక లేచి, బట్టలు దులుపుకుని, పాదంతో తడిమి బాట అంచు చూసుకున్నాను. ఎడమ చెవిలో స్పాంజి గట్టిగానే ఉంది. కుడి చెవిలో గాలి వీస్తోంది.

ఫోన్లో అతని ఊపిరి వినబడింది. "కూర్చున్నా. దారి ఖాళీగా ఉంది. రా."

"ముందు ఎక్కడున్నావో చెప్పు."

"దూరంగా ఉన్నానే," అన్నాడు. "నువ్వు పడితే పట్టుకోలేనంత దూరంగా ఉన్నా."

"సరే," అని పరుగు మొదలుపెట్టాను.