ఛాతీలో సైరన్

పొద్దున్న ఎనిమిదికి ఫిట్టరు ఛాతీలో సైరన్ మోగింది. వీధిలో వాళ్లు గడియారాలు సరిచూసుకున్నారు. పక్కింటావిడ పిల్లల్ని బడికి తరిమింది. ఫిట్టరు భార్య కుట్టు మిషన్ మీంచి తల ఎత్తకుండానే, "టీ చల్లారిపోతోంది, తాగండి" అంది.

తాళాల ఫ్యాక్టరీ మూతపడి పది నెలలైంది. గేటుకి అక్కడ చేసిన తాళమే వేశారు. ఆ ఏడాది ఖర్చయిన ఆఖరి తాళం అదేనని జనం నవ్వుకున్నారు. ఆ మర్నాటి నుంచే సైరన్ ఫిట్టరు ఛాతీలో మోగడం మొదలైంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, బీపీ మామూలుగానే ఉందని పంపేశాడు.

ఇరవై రెండేళ్లు తాళాల్లోపల లివర్లు, అంటే చిన్న మీటలు, అమర్చిన చేతులు అతనివి. పని పోయిన మొదటి రెండు నెలలూ కుమిలిపోయాడు. ఆ తరవాత బాధా లేదు, కోపమూ లేదు. సైరన్ మోగగానే లేస్తాడు, చొక్కా తొడుక్కుంటాడు, గుమ్మం దాకా వెళ్లి కూలబడతాడు. మళ్లీ ఫ్యాక్టరీలో తన పనిబల్ల ముందు నిలబడాలన్న కోరిక మాత్రం పోలేదు.

ఇంతలో మాంద్యాన్ని తరిమేస్తామంటూ ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. నడుస్తున్న ఫ్యాక్టరీలకు ముడిసరుకూ, సగం జీతాలూ ఇస్తారట. మూతపడ్డవాటికి మాత్రం ఏమీ లేదు.

"అంటే తింటున్నవాడికే మారు వడ్డిస్తారన్నమాట," అంది భార్య, దారం కొరుకుతూ.

అయినా మేనేజరు దరఖాస్తు పడేశాడు. తనిఖీకి అధికారి వస్తున్నాడని తెలిసి పాత పనివాళ్లంతా గేటు ముందు చేరారు. ఫిట్టరుకి ఇస్త్రీ చొక్కా తొడిగించి భార్య అతన్నీ తీసుకొచ్చింది. సరిగ్గా ఎనిమిదికి సైరన్ మోగింది.

అధికారి ఫారంలోంచి తల ఎత్తాడు. "ఎక్కడిదిది?"

"మా ఆయనదండీ," అంది భార్య.

"ఉదయం వేళకు సైరన్ మోగుతున్నదా అని ఉందిక్కడ. ఎక్కణ్ణుంచి మోగాలో రాయలేదు. రోజూ మోగుతుందా?"

"ఆదివారం మోగదండీ."

"మరింకేం, సక్రమంగానే ఉంది," అంటూ అధికారి టిక్కు పెట్టి, 'నడుస్తున్నది' అని రాసి సంతకం చేశాడు.

నెల తిరక్కుండా అరవై మందికి పిలుపొచ్చింది. ఫిట్టరు టిఫిన్ డబ్బా పట్టుకుని అందరికంటే ముందే గేటు దగ్గరికి చేరాడు. అతని ఛాతీలో సైరన్ మోగగానే అందరూ బిలబిలమంటూ లోపలికి పోయారు. వెనకే వెళ్లబోతే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వాగు బాబాయ్."

"ఏం, నా పేరు లేదా?"

"ఎందుకు లేదూ? సైరన్ కింద రాశారు. ఫిట్టర్లలో కాదు. ఇవాళ్టికి మోగావుగా, మళ్లీ రేపే. ఇంటికెళ్లి హాయిగా పడుకో. జీతం మునుపటికంటే ఎక్కువేలే."

"మరి నా బల్ల?"

"దాన్ని ఇంకొకరికిచ్చారు."

ఫిట్టరు ఇంటికి వెళ్లలేదు. గేటు పక్కన అరుగు మీద కూర్చున్నాడు. లోపల ఆకురాళ్ల చప్పుడు మొదలైంది. ఎవరో లివరు తిరగేసి బిగిస్తున్నారు. ఆ చప్పుడు వినగానే అతనికి తెలిసిపోయింది.

"అలా కాదురా, రెండోవైపు తిప్పు," అన్నాడు. లోపల ఎవరికీ వినపడలేదు.