శర్మిల రాసిన నాలుగు పేజీలు

గురువారం మధ్యాహ్నం ల్యాబులో గ్లవుజులు తీసి చేతులు కడుక్కుంటుండగా శ్రీలేఖకు కమలం ఫోన్ చేసింది. పనివేళల్లో కమలం ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. సింగపూరు బుకిట్ బటోక్‌లో ఒక చైల్డ్‌కేర్ వంటగదిలో ఆమెది వంటపని. తొంభై మంది పసిపిల్లలకు అన్నం వండిపెట్టే మనిషికి ఆ సమయంలో ఊపిరి తిరగదు.

"టీచరమ్మా, శర్మిల ఇస్కూలు నుంచి సూరత్ ఒకటి వచ్చింది. అంతా ఇంగ్లీషు. ఫోటో తీసి పంపినాను. రేపు మూడు గంటలకు నన్ను రమ్మన్నారంట. ఏం రాసినారో చూసి చెప్పు," అంది. కమలం మలేషియాలోని పెరాక్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఉత్తరాన్ని సూరత్ అనే అంటుంది.

శ్రీలేఖ ఫోటో తెరిచి ఉత్తరం చదివింది. మర్యాదగానే రాశారు. మీ అమ్మాయి ఇచ్చిన ఇంగ్లీషు వ్యాసం ఆమె సొంతంగా రాసినది కాదని మాకు అనుమానం ఉంది, దాని మీద మాట్లాడాలి. ఈ సంగతి తేలేదాకా ఆమెకు ఇస్తున్న ఆర్థిక సాయాన్ని కొనసాగించే విషయం కూడా పరిశీలనలో ఉంటుంది. కింద వ్యాసం పేరు ఉంది: 'మా అమ్మ వంటగది'.

ఆ పేరు చూడగానే శ్రీలేఖ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ వ్యాసం రాసింది తనే.

"ఏమైంది టీచరమ్మా? ఏం రాసినారు?"

"వ్యాసం గురించి ఏదో అనుమానం అంట ఆంటీ. నేను సాయంత్రం ఇంటికొస్తాను," అంది శ్రీలేఖ.

"రేపు నువ్వు నాతో రావాల. వాళ్ళ ఇంగ్లీషు నాకు సుసా, కష్టం. ఎవరు చెప్తారు నాకు?"

శ్రీలేఖ సరేనంది. అనక తప్పలేదు.

ఒంగోలు నుంచి సింగపూరు వచ్చి నాలుగేళ్ళయింది ఆమెకు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. రెండేళ్ళ క్రితం మహీధర్ అనే తెలుగాయన నడిపే ఒక చిన్న బృందంలో చేరింది. ప్రైమరీలో బాగా చదివి, పెద్ద పేరున్న ఇండిపెండెంట్ స్కూళ్ళలో సీటు తెచ్చుకునే పేదింటి పిల్లలు ఏటా కొందరుంటారు. ఫీజు మాఫీ అవుతుంది, యూనిఫాం వస్తుంది. అక్కడితో సాయం ఆగిపోతుంది. తరగతిలో పక్కన కూర్చున్న పిల్లకు సబ్జెక్టుకో ట్యూషన్ టీచరు ఉంటుంది, ఆరేళ్ళ వయసు నుంచే డిబేట్ క్లాసులుంటాయి. అలాంటి చోట ఈ పిల్లలు మొదటి ఏడాదే బెదిరిపోతారు. వాళ్ళు తట్టుకుని నిలబడేలా శనివారాలు కూర్చోబెట్టి చదివించడం ఈ బృందం పని. అలా తొమ్మిది మంది పిల్లలున్నారు. శ్రీలేఖ వంతుకు వచ్చింది శర్మిల.

పద్నాలుగేళ్ళ శర్మిల లెక్కల్లో చురుకు. ఇంగ్లీషులో మాత్రం యాభైలు దాటేది కాదు. మూడు వారాల క్రితం ఒక శనివారం నాలుగు పేజీల వ్యాసం రాసి తెచ్చింది. వ్యాకరణం అడుగడుగునా తప్పింది. కానీ 'మా అమ్మ చేతులు మూడుసార్లు కడిగినా ఎండు నెత్తళ్ళ వాసన పోదు, బస్సులో ఆమె చేతులు జేబులో పెట్టుకుంటుంది' అని రాసింది. శ్రీలేఖ ఆ వాక్యాన్ని కూడా కొట్టేసింది. ఒక్కసారైనా ఈ పిల్లకు మంచి మార్కు వస్తే ధైర్యం వస్తుందనుకుంది. ఒక వాక్యం సరిచేస్తే పక్క వాక్యం వెలవెలబోయింది, దాన్నీ మార్చింది. రెండు గంటలయ్యేసరికి సుగంధాల సంగీతం, శ్రమజీవి తల్లి ప్రేమ అంటూ వ్యాసం మొత్తం తన మాటలతో నిండిపోయింది.

"అక్కా, దిస్ వన్ నాట్ మై సౌండ్ లెహ్," అంది శర్మిల చదువుకుని.

"అలవాటవుతుందిలే. శుభ్రంగా కాపీ చేసి ఇచ్చెయ్," అంది తను.

సాయంత్రం ఆరింటికి శ్రీలేఖ వెళ్ళేసరికి శర్మిల యూనిఫాంలోనే లిఫ్టు పక్క మెట్ల మీద కూర్చుని ఉంది. తన కోసమే కాచుకుని ఉందని చూడగానే తెలిసింది.

"ఇంట్లోకి పోదాం పద. అమ్మకు నేను చెప్తాను," అంది శ్రీలేఖ.

"నో. ఫస్ట్ లిసన్." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఐ ఆల్రెడీ డిసైడ్. ఆన్‌లైన్‌లో చూసి కాపీ కొట్టానని చెప్తా. ఫస్ట్ టైమ్ కదా, జీరో వేస్తారు, డిటెన్షన్ ఇస్తారు. దట్స్ ఆల్."

"నువ్వు కొట్టలేదుగా."

"నీ పేరు చెప్తే ప్రోగ్రామ్ మొత్తం ఫినిష్ లా, అక్కా. మా స్కూల్లోనే మన వాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళ వర్క్ కూడా మీరే రాశారంటారు. మిగతా స్కూల్స్‌కి కూడా తెలుస్తుంది."

"ఉత్తరంలో నీ సాయం ఆపేసే మాట కూడా ఉంది, చూశావా?"

"చూశా." శర్మిల బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. "సో? పక్క స్కూల్‌కి వెళ్తా. అక్కడ నా ఫ్రెండ్స్ ఉన్నారు."

ఆ చివరి మాట అబద్ధం. అక్కడ ఆ పిల్లకు స్నేహితులెవరూ లేరని శ్రీలేఖకు తెలుసు. అయినా ఆ క్షణంలో, సిగ్గుపడాల్సిన సంగతే, ఆమె గుండెల మీంచి బరువు కొంచెం దిగింది. పిల్లే దారి చూపించింది, నేను నోరు మూసుకుంటే చాలు అనిపించింది. ఇంట్లోకి వెళ్ళి కమలానికి ఉత్తరం సారాంశం మాత్రం చెప్పి వచ్చేసింది.

దారిలో మహీధర్‌కు ఫోన్ చేసి దాచకుండా అంతా చెప్పింది.

"ఎంత పని చేసినవ్ శ్రీలేఖా," అన్నాడు మహీధర్. "ఆ స్కూలు మనల్ని నమ్మనీకి మూడేండ్లు పట్టింది. రేపు నువ్వు పోతున్నది ఆమెకు ఇంగ్లీషు అర్థం చేసి చెప్పనీకి. గంతే చేసి రా. మిగిలింది మెల్లగ చూస్త."

"మరి ఆ పిల్ల?"

"ఒక్క పిల్లను చూసుకుంట ఎనిమిది మందిని ముంచుతమా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. అదే ఆమెను ఎక్కువ కలవరపెట్టింది.

శుక్రవారం రైల్లో శ్రీలేఖ కమలం పక్కన కూర్చుంది. సగం రోజు సెలవు పెట్టి, ఉతికి ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని వచ్చింది కమలం. ఒళ్ళో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది. అందులో ఒకటో తరగతి నుంచి శర్మిల మార్కుల కాగితాలన్నీ పెట్టుకుంది.

"ఇవి చూపిస్తాను," అంది. "నా బిడ్డ దొంగతనం చేసే బిడ్డ కాదని వాళ్ళకు తెలవాల. నువ్వు బాగా చెప్పాల టీచరమ్మా, నేనన్న మాట అన్నట్టే."

చెప్పేద్దామని శ్రీలేఖ మూడు స్టేషన్లలో మూడుసార్లు అనుకుంది. ప్రతిసారీ తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

చల్లటి చిన్న గదిలో వాళ్ళను కూర్చోబెట్టారు. బల్లకు అవతల వైస్ ప్రిన్సిపాల్ మిస్టర్ కో, ఇంగ్లీషు టీచరు మిసెస్ చువా. శర్మిల ఇటు చివర, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వ్యాసం బల్ల మీద ఉంది. పక్కనే తరగతిలో శర్మిల చేతిరాతతో రాసిన పాత పరీక్ష కాగితం ఉంది.

"ఈ రెండూ ఒకే మనిషి రాసినవి అంటే నమ్మలేకపోతున్నాను," అంది మిసెస్ చువా. కోపంగా అనలేదు, బాధపడుతున్నట్టే అంది.

శ్రీలేఖ తెలుగులో చెప్పింది. కమలం ముందుకు వంగింది. "నా బిడ్డ కష్టపడి రాసింది, నేను కళ్ళారా చూసినాను అని చెప్పు. ఎక్కడ నుంచి ఎత్తుకొచ్చిందో వాళ్ళను చూపించమను."

శ్రీలేఖ ఆ మాటలు అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

మిస్టర్ కో శర్మిల వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. ఇది ఎక్కడిది?"

"ఆన్‌లైన్, సార్."

"ఏ వెబ్‌సైటు?"

"మర్చిపోయాను, సార్."

"మేం వెతికాం. ఎక్కడా దొరకలేదు. రెండోసారి అడుగుతున్నాను."

"చాలా సైట్స్ నుంచి, సార్. మిక్స్ చేశాను." శర్మిల కళ్ళు బల్ల మీద నుంచి లేవలేదు.

కమలం శ్రీలేఖ చెయ్యి తట్టింది. "ఏమంటోంది? అది ఏమంటోంది?"

ఇప్పుడు తను ఆ అబద్ధాన్ని తెలుగులోకి మార్చి ఆ తల్లి చెవిలో వెయ్యాలి. నీ కూతురు దొంగిలించానని ఒప్పుకుంటోంది అని చెప్పాలి. శ్రీలేఖ బల్ల అవతలి వైపుకు తిరిగింది.

"మిస్టర్ కో," అంది ఇంగ్లీషులో. "ఇప్పటిదాకా ఈమె మాటలు చెప్పాను. ఇది నా మాట. ఆ వ్యాసం నేను రాశాను."

శర్మిల గిర్రున ఇటు తిరిగింది. "అక్కా, డోంట్."

"శర్మిల రాసింది వేరు. నాలుగు పేజీలు సొంతంగా రాసింది. నేను దిద్దుతూ దిద్దుతూ దాన్ని మొత్తం తీసేశాను. ఇది తన మాటలా లేదని ఆ రోజే అంది, నేనే కాపీ చేసి ఇమ్మన్నాను. మా బృందానికి దీనితో సంబంధం లేదు. అక్కడ ఎవరికీ తెలియకుండా చేశాను."

అదే మాట వెంటనే తెలుగులో కమలానికి చెప్పింది. కమలం శ్రీలేఖ చేతి మీద ఉన్న తన చెయ్యి తీసేసుకుంది.

మిస్టర్ కో పెన్ను కింద పెట్టాడు. "మిగతా హోంవర్కులు రాసింది కూడా మీరు కాదని నేనెలా నమ్మాలి?" అన్నాడు. భయపడ్డ ప్రశ్న అదే. శ్రీలేఖ లెక్కల పుస్తకాల గురించి ఏదో చెప్పబోయింది. మిసెస్ చువా అడ్డుకుంది.

"మనం వాదించుకోవడం దేనికి? శర్మిలా, ఇప్పుడు రాస్తావా? అదే విషయం. గంట టైమిస్తాను. నా ఎదురుగా కూర్చుని రాయాలి."

శర్మిల తల్లిని చూసింది, శ్రీలేఖను చూడలేదు. "కెన్," అంది, రాస్తానన్నట్టు.

పెద్దవాళ్ళిద్దరినీ బయట కూర్చోమన్నారు. ఆ వరండాలో బెంచీ ఒకటే ఉంది. కమలం ఒక కొసన కూర్చుంది, శ్రీలేఖ ఇంకో కొసన. మైదానంలో పిల్లలు హాకీ ఆడుతున్న చప్పుడు వస్తోంది. పావుగంట గడిచింది. గంటలో ఆ పిల్లకు మాట రాకపోతే, రెండు ముక్కలు రాసి ఆపేస్తే, తను చెప్పిన నిజం వల్లే ఆ పిల్ల పూర్తిగా మునుగుతుందని శ్రీలేఖ కూర్చున్నంతసేపూ లెక్క వేసుకుంటూనే ఉంది.

"అది రాసింది నాకు చదివి వినిపించింది," అంది కమలం, ఎటో చూస్తూ. "పొయ్యి కాడ నిలబడి. నాకు సగమే అర్థమయింది. అయినా అది మా ఇంటి మాట అని తెలిసింది. అది చాలదనుకున్నావా?"

"చాలదనుకున్నాను ఆంటీ."

"ఎందుకు?"

శ్రీలేఖ ఆలోచించింది. "తనకు మార్కు రాకపోతే నాకు చేతకాలేదనిపించింది. తన కోసమే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే నా కోసమే చేసినట్టుంది."

కమలం క్షమించాననలేదు. ఫైలు ఒళ్ళోంచి తీసి బెంచీ మీద, ఇద్దరి మధ్యా పెట్టింది.

నాలుగున్నరకు తలుపు తెరుచుకుంది. శర్మిల ముఖం ఎర్రబడి ఉంది, వేళ్ళకు సిరా అంటింది. మిసెస్ చువా నిలబడే ఆ కాగితాలు రెండోసారి చదివింది. తరవాత శ్రీలేఖ వైపు చూసి, "తప్పులు చాలా ఉన్నాయి. కానీ మూడు వారాల క్రితం నా చేతికి రావలసింది ఇది," అంది.

వారం తరవాత స్కూలు నిర్ణయం వచ్చింది. మొదటి వ్యాసానికి సున్నా. ఆర్థిక సాయం కొనసాగుతుంది, కానీ ఏడాది చివర మళ్ళీ చూస్తారు. బుధవారాలు స్కూలయ్యాక శర్మిల మిసెస్ చువా దగ్గర రాయడం నేర్చుకోవాలి. మహీధర్ బృందంతో స్కూలు తెగతెంపులు చేసుకోలేదు, కానీ పిల్లలు స్కూల్లో ఇవ్వాల్సిన పని మీద వాలంటీర్లెవరూ కలం పెట్టకూడదని రాయించుకున్నారు. శ్రీలేఖ ఇక ఆ పిల్లలకు చదువు చెప్పడానికి వీల్లేదన్నారు. మహీధర్ నెల రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు. శర్మిల అంతకంటే ఎక్కువ కాలం ఎత్తలేదు. తను అంత కష్టపడి కాపాడబోతే, తల్లి ముందు తనను అబద్ధాలకోరును చేసిందని ఆ పిల్ల కోపం. ఆ కోపంలో తప్పేమీ లేదని శ్రీలేఖ ఊరుకుంది.

నవంబరులో ఒక ఆదివారం బుకిట్ బటోక్ తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో శ్రీలేఖ ట్రే పట్టుకుని చోటు వెతుక్కుంటుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది. శర్మిల ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీ ముందు టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుంది.

"అమ్మ కోసం చోప్ చేశా. అమ్మ ఇంకా క్యూలో ఉంది. సిట్ లా, అక్కా."

శ్రీలేఖ కూర్చుంది. "రిజల్ట్స్ వచ్చాయా?" అని అడిగింది.

"ఇంగ్లిష్ సిక్స్‌టీ త్రీ. ఫైనాన్షియల్ ఎయిడ్ ఓకే." శర్మిల భుజాలెగరేసింది. అడగకుండానే మొదలుపెట్టింది. "మిసెస్ చువా నా లాస్ట్ ఎస్సేలో మూడు లైన్స్ మార్చమంది. నేను నో అన్నా. ట్వంటీ మినిట్స్ ఫైట్ చేశాం."

"మరి?"

"రెండు ఓడిపోయా," అంది శర్మిల. "ఒకటి గెలిచా."